ఇల్లు మోయు ఇనుప దూలము

(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు గావించిన ప్రసంగ పాఠము)

 

ఏటేట మన వార్షికోత్సవము పాఠశాల హాలులో జరుగుట ఆనవాయితీ. ఈ యేడు మాత్రము మనమందరము ఆవరణలో పందిరి క్రింద కూర్చుండవలసి వచ్చినది. వెనుక వరుసలవారికి ఎండ తగులుచున్నది, మన్నింపవలెను. "హాలునకు తాళమేల వేసినారు?" అని ఉదయమునుండి నన్ను అడిగినవారు ఇరువదిమందికి తక్కువ లేరు. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి నా ప్రసంగము.

ఈ బల్లమీద జానెడు పొడవున్న ఒక ఇనుప ముక్క ఉన్నది. చూడుడు. ఇది మన హాలు పైకప్పును మోసిన దూలములలో ఒకదానినుండి కోసిన ముక్క. సభ ముగిసిన పిమ్మట మీలో ప్రతియొక్కరును దీనిని చేతితో తాకి చూడవలెనని నా కోరిక. నేను ఇంజనీరును కాను. ఇంటర్మీడియట్‌లో గణితమును, భౌతికశాస్త్రమును చదివి, అవే పాఠములను పిల్లలకు చెప్పుచు తల నెరసినవాడను. కావున నాకు తెలిసినంత మేరకు, తరగతిలో చెప్పినట్లే చెప్పెదను.

దూలమనగానేమి? మన తాతల ఊళ్లలోని పెంకుటిండ్లను తలచుకొనుడు. నిలువుగా నిట్రాళ్లు, వానిమీద అడ్డముగా దూలములు, దూలములమీద వాసములు, వాసములమీద పెంకు. నిట్రాడు బరువును నేలకు నేరుగా దింపును. దాని పని సులభము. దూలము పని అట్టిది కాదు. నడుమ ఆధారమేమియు లేకుండ, పైనున్న బరువునంతయు ప్రక్కలకు చేరవేసి, రెండు చివరలనున్న గోడలకో నిట్రాళ్లకో అప్పగింపవలెను. ఆ పనిలో దూలము తప్పక వంగును. కంటికి కనబడకున్నను వంగును. వంగియు విరుగకుండుటే దాని ప్రతిభ.

వంగునపుడు దూలము లోపల ఏమి జరుగును? ఇంటికి పోయినపిదప ఒక రబ్బరు ముక్క తీసికొని, దాని ప్రక్కభాగముపై నిలువుగా నాలుగు సమదూర రేఖలు గీసి, రెండు చివరలు పట్టుకొని క్రిందికి ఉబ్బునట్లు వంచి చూడుడు. పైభాగమున రేఖలు దగ్గరకు వచ్చును. క్రిందిభాగమున దూరముగా జరుగును. అనగా దూలపు పైభాగము నలుగుచున్నది, క్రిందిభాగము సాగుచున్నది. మొదటిది సంపీడనము, రెండవది తన్యత. ఈ రెంటికిని నడుమ నలుగకయు, సాగకయు ఉండు ఒక పొర కలదు. దానికి తటస్థాక్షమని పేరు. ఆ పొర చెంతనున్న పదార్థము వంపును ఎదుర్కొనుటలో పాల్గొనునది మిక్కిలి స్వల్పము. పని చేయునవి పై అంచు, క్రింది అంచు.

ఇంకొక పరీక్ష. పొడవైన చెక్క స్కేలును రెండు పుస్తకముల నడుమ వంతెనవలె బల్లపరుపుగా ఉంచి, నడుమ వ్రేలితో నొక్కుడు, సులభముగా వంగును. అదే స్కేలును అంచుమీద నిలిపి నొక్కుడు, వంగనే వంగదు. కఱ్ఱ అదే, బరువు అదే. నిలిపిన తీరు మాత్రమే మారినది. 20 సెంటీమీటరుల వెడల్పును 5 సెంటీమీటరుల మందమును గల పలకను నిలువుగా పెట్టినచో, బల్లపరుపుగా పెట్టినప్పటికంటె నాలుగు రెట్లు బరువు మోయును. పదునారు రెట్లు తక్కువగా వంగును. మన ఊరి వడ్రంగులు దూలమును ఎప్పుడును నిలువుగానే పెట్టుటలో ఈ గణితమంతయు ఇమిడియున్నది.

ఈ రెండు విషయములను కలిపినచో ఇనుప దూలపు ఆకారము దానంతట అదే బయటపడును. పనిచేయునవి అంచులే యైనచో లోహమును అంచులకు చేర్చుడు. నడుమ పనిలేనిచో అచట లోహమును తగ్గించుడు. ఎత్తు పెంచుడు. అప్పుడు ఇంగ్లీషు ‘ఐ’ అక్షరమువంటి ఆకారము వచ్చును. పైన ఒక పట్టీ, క్రింద ఒక పట్టీ, రెంటిని కలుపుచు నడుమ పలుచని పలక. పట్టీలను ఇంజనీర్లు ఫ్లాంజీలందురు. పలకను వెబ్బు అందురు. పలక పలుచనిదైనను నిరుపయోగమైనది కాదు. రెండు పట్టీలను ఎడముగా పట్టి ఉంచునది అదియే. గోడల చెంత మిక్కుటముగా నుండు విరూపణ బలమును భరించునదియు అదియే.

దీనివలన లాభమెంత? మన దేశ ప్రమాణములలో ‘ఐ.ఎస్.ఎమ్.బి. 300’ అను దూలము కలదు. దాని ఎత్తు 300 మిల్లీమీటరులు, పట్టీల వెడల్పు 140 మిల్లీమీటరులు. మీటరు పొడవునకు బరువు సుమారు 45 కిలోలు. ఇంతే బరువుగల ఉక్కును చతురస్రపు కడ్డీగా పోసినచో, ఆ కడ్డీ ఒక్కొక్క ప్రక్క ఏడున్నర సెంటీమీటరులు మాత్రమే యుండును. ఆ కడ్డీకంటె ఈ దూలము ఎనిమిది రెట్లు బలమైనది. ముప్పది రెట్లకు పైగా బిగువైనది. లోహము ఒక్క తులమైనను పెరుగలేదు. ఉండవలసిన చోట ఉన్నది, అంతే.

పిల్లలారా, దూలము పొడవును గూర్చియు ఒక మాట గుర్తుంచుకొనుడు. సమముగా పరచిన బరువును మోయు దూలపు పొడవును రెట్టింపు చేసినచో, దానిని వంచు బలభ్రామకము నాలుగు రెట్లగును; నడుమ వంపు పదునారు రెట్లగును. కావున గది పెద్దది చేయుటకై నడుమ గోడను గాని, స్తంభమును గాని తీసివేయువారు, తాము తీసినది కేవలము ఒక గోడ యని భావింపరాదు.

ఇట్టి దూలము ఒక్కనాటిలో పుట్టలేదు. మొదట మనుజులు పోత ఇనుముతో దూలములు చేసిరి. పోత ఇనుము నలుగుటను చక్కగా ఓర్చును, సాగుటను ఓర్వలేదు. 1847లో ఇంగ్లండునందు చెస్టరు నగరము వద్ద డీ నదిపై పోత ఇనుప దూలముల రైలు వంతెన విరిగి, అయిదుగురు మరణించిరి. వంతెన కట్టి ఏడాదియైనను కాలేదు. అటుపిమ్మట దూలములకు పోత ఇనుమును వాడుటపై నమ్మకము సడలినది. సాగుగుణముగల చేత ఇనుమునకు ఆదరణ పెరిగినది. 1856లో హెన్రీ బెస్సెమర్, కరిగిన ఇనుములోనికి గాలిని ఊది ఉక్కును చౌకగా చేయు పద్ధతిని వెల్లడించెను. ఎఱ్ఱగా కాగిన ఉక్కు దిమ్మెను రోలరుల నడుమ పలుమారు నడిపి, ‘ఐ’ ఆకారమునకు తెచ్చుట సాధ్యమైనది. 1885లో అమెరికాలోని షికాగో నగరమున పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్సు భవనము లోహపు చట్రముతో లేచినది. అంతవరకు గోడలు అంతస్తులను మోయుచుండెను. అప్పటినుండి దూలములును స్తంభములును గోడలను మోయసాగెను.

ఉక్కు దూలమునందు నాకు మిక్కిలి నచ్చిన గుణమొకటి కలదు. సాధారణ నిర్మాణపు ఉక్కు చదరపు మిల్లీమీటరునకు 250 న్యూటనుల వరకు, అనగా సుమారు 25 కిలోల బరువు వరకు, లాగుడును ఓర్చి, వదలినంతనే యథాస్థితికి వచ్చును. ఆ హద్దు దాటినను వెంటనే తెగదు. చాలదూరము సాగి, వంగి, కంటికి కనబడి, మనుజులకు పారిపోవుటకు వ్యవధి నిచ్చును. పోత ఇనుము చెప్పక విరుగును. ఉక్కు చెప్పి వంగును. ఈ మాటను మనసున ఉంచుకొనుడు. తరువాత దీనితో మనకు పనియున్నది.

ఇక మన ముంబయికి వత్తము. ఇచట కాలాఘోడా ప్రాంతమున 1867–69 సంవత్సరముల నడుమ వాట్సన్ హోటలు కట్టబడినది. దాని పోత ఇనుప చట్రమును ఇంగ్లండులో చేసి, ముక్కలుగా ఓడలలో తెచ్చి, ఇచట బిగించిరి. 1896 జూలై 7న లూమియేరు సోదరుల చలనచిత్రములను మన దేశమున తొలిసారి ప్రదర్శించినది ఆ భవనముననే. తరువాత ఈ నగరమున అనేక కట్టడములకు విదేశములనుండి ఉక్కు గర్డరులు దిగుమతి యైనవి. గర్డరునకు గర్డరునకు నడుమ ఇటుకలతో చిన్న చిన్న కమానులు కట్టి, పైన గచ్చు పోసి అంతస్తులు వేసిరి. దీనినే జాక్ ఆర్చి కప్పు అందురు. మన హాలు పైకప్పు ఈ జాతిదే.

ఆ కమానులకు ఇటుక అందించినవారెవరు? గచ్చు కలిపినవారెవరు? పదునెనిమిదవ శతాబ్ది చివరినుండియు నిజాము రాజ్యపు తెలుగు సీమనుండి వచ్చి, ఈ నగరమున కట్టుబడి పనులు చేసిన మనవారిని కామాఠీలనిరి. కామాఠీపురా అను పేరు వారివలన వచ్చినదే. ఈ పందిరి క్రింద కూర్చున్నవారిలో పలువురి ముత్తాతలు ఆ పనులు చేసినవారే. గర్డరును తాడు కట్టి పైకెత్తిన చేతులు మనవి. దాని లెక్క కట్టిన చేతులు మాత్రము ఆనాడు మనవి కావు.

కాలము మారినది. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ 1912లో జంషెడ్‌పూరున ఉక్కు చేయనారంభించినది. 1943లో ప్రారంభమైన కలకత్తా హౌరా వంతెనకు పట్టిన సుమారు 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు ఆ సంస్థయే ఇచ్చినది. స్వాతంత్ర్యానంతరము భిలాయి, రూర్కెలా, దుర్గాపూరు కర్మాగారములు వెలసినవి. 1966లో విశాఖ ఉక్కు కొరకు తెలుగువారు సాగించిన ఉద్యమమున 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 1992లో కర్మాగారము జాతికి అంకితమైనది. కడ్డీలతో పాటు యాంగిళ్లు, ఛానళ్లు, దూలములు మున్నగు నిర్మాణ సామగ్రియు అచట తయారైనది.

ఉక్కు దూలము ఉపయోగములు మీ కన్నుల యెదుటనే ఉన్నవి. లోకల్ రైలు దిగి మీరెక్కు పాదచారుల వంతెనను క్రిందినుండి చూడుడు. పలకలను మోయునవి ఉక్కు దూలములే. కర్మాగారపు షెడ్డులో క్రేను నడచు బాట ఉక్కు దూలమే. ఎత్తైన భవనముల చట్రములు, గోదాముల నడిమి అంతస్తులు, పెద్ద ద్వారములపై గోడను ఆపు అడ్డు దూలములు, అన్నియు ఇవియే. కర్మాగారమున కొలతకు కోసి, రంధ్రములు వేసి తెచ్చి, పనిచోట బోల్టులతో బిగించుటయో, వెల్డింగు చేయుటయో జరుగును. కాంక్రీటువలె దినములకొలది తడుపవలసిన పని లేదు. పాతబడినపుడు విప్పి, కరిగించి, మరల ఉక్కు చేయవచ్చును.

ఇంతటి బలశాలికి ఇద్దరు శత్రువులున్నారు. మొదటిది నిప్పు. ఉక్కు మండదు. అయినను సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి దాని బలము సగమునకు పడిపోవును. అందువలననే పెద్ద కట్టడములలో దూలములకు కాంక్రీటు తొడుగు గాని, నిప్పును ఓర్చు పూత గాని వేయుదురు.

రెండవది నీరు. నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిసి ఇనుమును తుప్పు చేయును. సముద్రపు ఉప్పు ఆ పనిని త్వరపరచును. ముంబయిలో ఏటికి రెండు మీటరులకు పైగా వాన కురియును. సముద్రము మూడు వైపుల ఉన్నది. తుప్పు తాను తినిన ఇనుముకంటె పెక్కురెట్లు చోటు ఆక్రమించును. కావున గచ్చులో పొదిగిన దూలము తుప్పుపట్టినచో, లోపలినుండి ఉబ్బి పైపూతను పగులగొట్టును. ఆ పగులులోనుండి మరింత నీరు దిగును. దూలము చివరలు గోడలో దాగియుండు చోటులు, స్నానపు మోరీల క్రింది భాగములు, మరుగుదొడ్ల ప్రక్కలు మొదట చెడును. ఉక్కు చెప్పి వంగునంటిని కదా? గచ్చు చాటున తుప్పుపట్టిన దూలము ఆ మాట చెప్పుటకు నోరు లేనిదగును. వాట్సన్ హోటలు భవనమున సైతము సంరక్షణ కొరవడి, 2005లో వసారాలో కొంతభాగము కూలి ప్రాణనష్టము జరిగినది.

ఇప్పుడు మన హాలు సంగతి చెప్పెదను. ఇది చెప్పుట నాకు సులభము కాదు. మూడేండ్ల క్రిందట వానకాలమున, హాలు తూర్పు గోడ చెంత పైకప్పున అరచేయంత గోధుమరంగు మచ్చ కనబడినది. నేను చూచితిని. సున్నము వేయించితిని. మరుసటి యేడు మచ్చ మూరెడు పొడవైనది. దాని వెంట గీత గీసినట్లు ఒక పగులు. మరల సున్నము వేయించితిని. పరీక్షలు సమీపించుచున్నవనియు, నిధులు లేవనియు, వచ్చే యేడు చూతమనియు నాకు నేను చెప్పుకొంటిని. ఆ పగులు క్రిందనే ప్రతిదినము నూట యిరువదిమంది పిల్లలు ప్రార్థనకు నిలుచుచుండిరి.

ఈ యేడు వానలు వెలిసిన తరువాత, మన ఎనిమిదవ తరగతి బాలిక తండ్రి, తాపీ మేస్త్రి, ఫీజు కట్టుటకు వచ్చి హాలులో నిలుచుండి పైకి చూచెను. నిచ్చెన తెప్పించుకొని, సుత్తితో మూడుచోట్ల తట్టెను. రెండుచోట్ల గట్టిగా మ్రోగినది. మూడవచోట మట్టికుండ పగిలినట్లు పలికినది. ఆయన దిగివచ్చి నాతో అన్న మాటలు ఇవి: "సారూ, మీదికి మంచిగనే కనబడ్తది గని, లోపల గర్డరు తిన్నది. సున్నమేస్తె ఆగదు. పిల్లల్ని ఇందుల కూసోబెట్టకుండ్రి."

ఆ సాయంత్రమే హాలునకు తాళము వేసితిని. సంఘమువారు పిలిపించిన ఇంజనీరు వచ్చి, పూత తొలగించి చూచిరి. గోడలో దిగిన చివర, క్రింది పట్టీ పొరలు పొరలుగా విడిపోయి, సగము మందము కూడ మిగులలేదు. పట్టీయే కదా దూలపు ప్రాణము! సంఘపు సమావేశమున వాదములు జరిగినవి. ఉత్సవమునకై కూర్చిన సొమ్మును దూలములకు ఖర్చుపెట్టుట కొందరికి సమ్మతము కాలేదు. క్రింద తగరపు పలకలతో అందమైన లోకప్పు వేయించినచో మచ్చ కనబడదు గదా యని ఒకరనిరి. మచ్చ కనబడక పోవుటయే మనకు ఇంతవరకు వచ్చిన ప్రమాదమని నేను మనవి చేసితిని. సున్నము వేయించినవాడను నేనేయని ఆ సభలోనే ఒప్పుకొంటిని. చివరకు అందరును ఏకమైరి. అందుకే ఈ యేడు రంగస్థలము లేదు, బహుమతులు చిన్నవి, ఎండ ఎక్కువ.

ఇప్పుడు హాలులో జాకీలు నిలిపి, కప్పును ఆపి, చెడిన దూలములను ఒక్కొక్కటిగా మార్చుచున్నారు. క్రొత్త దూలము ఒక్కొక్కటి ఆరు మీటరులు. సుమారు 270 కిలోలు. ఎఱ్ఱని తుప్పునిరోధక రంగు వేసి, గోడలో దిగు చివరల క్రింద కాంక్రీటు దిమ్మెలు పోసి, చైను కప్పీతో ఎత్తుచున్నారు. పైన నీరు దిగు దారిని ముందుగా మూసిరి. అది మూయనిచో క్రొత్త దూలమునకును పాతదాని గతియే పట్టును. పని చేయుచున్న మేస్త్రీలలో ఆ బాలిక తండ్రియు ఒకరు.

తల్లిదండ్రులారా, మీలో పలువురు పాత చాళ్లలో కాపురముండువారు. నేటి రాత్రి ఇంటికి పోయి ఒక్కమారు తలయెత్తి చూడుడు. కప్పుమీద గోధుమరంగు చారలున్నవా? దూలము పొడవునా తిన్నని పగులున్నదా? పూత ఉబ్బి పెచ్చులు రాలుచున్నదా? తలుపు ఎన్నడును లేనిది ఇటీవల బిగిసికొనుచున్నదా? నేల ఒకవైపునకు వాలుచున్నదా? వీనిలో ఏదియున్నను సున్నము వేయవలదు. గొట్టముకొరకు దూలపు పట్టీకి రంధ్రము చేయవలదు. దూలము నడుమకు పైన నీళ్ల తొట్టి పెట్టవలదు. ముప్పది యేండ్లు దాటిన కట్టడములకు అర్హతగల ఇంజనీరుచేత పరీక్ష చేయింపవలెనని నగరపాలక చట్టము చెప్పుచున్నది. సెస్సు చెల్లించు పాత కట్టడములకు మ్హాడా మరమ్మతుల మండలి యున్నది. అర్జీ వ్రాయుటకు చేతకానివారు నా వద్దకు రండు. ఆదివారము ఉదయము నేను పాఠశాలలోనే ఉందును. వ్రాసి యిచ్చెదను.

విద్యార్థులారా, మీ ముత్తాతలు గర్డరులను పైకెత్తిరి. మీ తండ్రులు వానిని తట్టి, మంచిచెడ్డలు చెప్పగలుగుచున్నారు. మీలో కొందరు వాని లెక్కలు కట్టవలెను. రబ్బరు ముక్కపై నాలుగు గీతలతో ఆ చదువు మొదలగును. తన్యత, సంపీడనము, తటస్థాక్షము అను మాటలు మీకు తెలుగులో తెలిసినవి. ఏ భాషలో పై చదువు చదివినను ఆ తెలివి మీతో వచ్చును.

వేసవి సెలవుల పిమ్మట మనము హాలులోనికి తిరిగి పోయెదము. ఈ తుప్పు ముక్కను మాత్రము నేను పారవేయను. నా గదిలో, నా బల్లమీద, నాకు ఎదురుగా ఉంచుకొనెదను. నా తరువాత వచ్చు ప్రధానోపాధ్యాయునకు తాళపుచెవులతో పాటు దీనిని కూడ అప్పగించెదను. ఇప్పుడు వరుసగా వచ్చి తాకి చూడుడు. అంచులు పదునుగా నున్నవి, చిన్నపిల్లలు జాగ్రత్త.